చంద్రుడి ఫొటోల్లో కట్టడాల కోసం వెతకడం దండగా?

నెలవంక

మొన్న వేరే చర్చలో ఒకాయన 1966లో చంద్రుడి చుట్టూ తిరిగిన నాసా నౌక లూనార్ ఆర్బిటర్-2 తీసిన ఫొటో పెట్టి "ఇవి గ్రహాంతరవాసులెవరో నిలబెట్టిన స్తంభాలు" అన్నారు. పదిమంది ఆయన మీద పడి నోరు మూయించారు. ఆ ఫొటో వరకు నేనూ ఆ పదిమంది పక్షమే. కానీ వాళ్లు అక్కడితో ఆగకుండా "అసలు వెతకడమే పిచ్చి" అనేశారు. దానికి మాత్రం నేను ఒప్పుకోను.

భూమ్మీద వానా గాలీ, కదిలే భూఫలకాలూ అన్నిటినీ చెరిపేస్తాయి. చంద్రుడి మీద ఆ బెడద లేదు. సన్న ఉల్కల దెబ్బలు తింటూ కూడా మీటరు సైజు బండల్లో సగం 4 నుంచి 8 కోట్ల ఏళ్లు నిలుస్తాయని అంచనా. మన చుట్టుపక్కలకు ఎప్పుడైనా ఎవరైనా వచ్చి ఏదైనా వదిలి ఉంటే, అది మిగిలే చోటు అదే. పాల్ డేవిస్, రాబర్ట్ వాగ్నర్ అనే పరిశోధకులు యాక్టా ఆస్ట్రోనాటికా పత్రికలో చెప్పింది ఇదే: దొరికే అవకాశం చాలా తక్కువ, కానీ ఫొటోలు ఎలాగూ వేరే పనికోసం తీస్తున్నారు, వాటిని ఈ కోణంలోనూ చూడటానికయ్యే ఖర్చు కొంచెమే. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ 2009 నుంచి పిక్సెల్‌కు అర మీటరు దాకా స్పష్టతతో ఫొటోలు తీస్తోంది. అన్నీ ఎవరైనా దించుకోవచ్చు. అపోలో వ్యోమగాములు నడిచిన జాడలే వాటిలో కనబడుతుంటే, చూడకుండానే లేదనెయ్యడం ఏం పద్ధతి?

గులకరాయి

నెలవంక గారూ, చూడకుండా అనలేదండీ. రెండొందల ఏళ్లుగా చూసి చూసి అంటున్న మాట ఇది.

1822లో గ్రూట్‌హైసెన్ అనే జర్మన్ పరిశీలకుడు ష్రోటర్ బిలం దగ్గర కోటగోడలున్న నగరాన్ని చూశానన్నాడు. ఇంకా మంచి టెలిస్కోపులు వచ్చేసరికి అవి వరసగా ఉన్న మామూలు గుట్టలని తేలింది. 1953లో ఓ'నీల్ అనే సైన్స్ పాత్రికేయుడు చంద్రుడి మీది మేర్ క్రిసియం అనే నల్లటి మైదానం అంచున పెద్ద వంతెన కనబడిందన్నాడు. బ్రిటన్‌లో విల్కిన్స్ లాంటి అనుభవమున్న చంద్ర పరిశీలకుడు కూడా తానూ చూశానన్నాడు. అదంతా వెలుగునీడల మాయ. 2021 చివర్లో చైనా రోవర్ యుటు-2కి 80 మీటర్ల దూరంలో "గుడిసె" కనబడింది. దగ్గరికెళ్తే బిలం అంచున చిన్న రాయి.

మీరు చెప్పిన 1966 ఫొటోనే తీసుకోండి. అప్పుడు సూర్యుడు క్షితిజానికి సుమారు 11 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. ఆ కోణంలో చదును నేల మీద నీడ వస్తువు ఎత్తుకు అయిదింతలకు పైగా సాగుతుంది. పది మీటర్ల బండ యాభై మీటర్ల నీడ వేస్తుంది. నేల అటువైపు పల్లంగా ఉంటే ఇంకా పొడుగు. జనం చూసింది బండను కాదు, నీడను. నీడ సూదిలా ఉంటే పైనున్నదీ సూదిలాంటి స్తంభమే అనేసుకున్నారు. పైగా ఆ ఫొటోలు నౌకలోనే ఫిల్మ్ కడిగి, సన్నని పట్టీలుగా స్కాన్ చేసి పంపినవి. ఆ పట్టీల అతుకుల్నీ, కడగడంలో పడిన మచ్చల్నీ ఇప్పటికీ "గోపురాలు" అని తిప్పుతున్నారు.

ప్రతిసారీ వరస ఒకటే. వెలుగు ఏటవాలుగా ఉంటుంది, కెమెరా శక్తి చివరి అంచున ఉంటుంది, మిగతాది కన్ను కల్పించుకుంటుంది.

తీరంవాసి

కొత్తవాళ్లకు ఒక్క మాట. ఫొటోలో వెలుగు కిందివైపు నుంచి వస్తుంటే బిలాలు గుట్టల్లా ఉబ్బి కనబడతాయి. ఫొటోను తలకిందులు చేస్తే అవే గుంటలైపోతాయి. "డోములు" కనబడ్డాయని పెట్టేముందు ఒకసారి తిప్పి చూడండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

కొలతబద్ద

ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఈ ఫొటోల్లో మనిషి చేసిన వస్తువును ఒక మామూలు ఇంజనీరు నిజంగానే కనిపెట్టాడు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ కూలిపోయాక, చెన్నైకి చెందిన షణ్ముగ సుబ్రమణియన్ ఎల్‌ఆర్‌ఓ పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన పెట్టుకుని గాలించాడు. ముందు లేని చుక్క ఒకటి కనబడింది. నౌక ప్రధానంగా కూలిన చోటికి వాయవ్యంగా 750 మీటర్ల దూరంలో. నాసా మళ్లీ ఫొటోలు తీసి నిర్ధారించి డిసెంబరులో అతని పేరు ప్రకటించింది. ఆ ఫొటోల్లో అన్నిటికన్నా పెద్ద శకలాలు కూడా రెండు పిక్సెళ్ల వెడల్పు, రెండు పిక్సెళ్ల పొడవు. వాటి నీడ ఒక్క పిక్సెల్. అతను ఆకారం కోసం వెతకలేదు, తేడా కోసం వెతికాడు.

పురాతన వస్తువైతే "ముందు" ఫొటో ఉండదు, చిక్కంతా అక్కడే. దానికీ దారి ఉంది. లెస్నికోవ్‌స్కీ, బికెల్, ఆంగర్‌హౌసెన్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రోగ్రామ్‌కు మామూలు చంద్రనేల ఎలా ఉంటుందో మాత్రమే నేర్పి, అందులో ఇమడనిది చూపించమన్నారు. అది అపోలో 15 దిగిన చోట మిగిలిన ల్యాండర్ భాగాన్ని పట్టేసింది. వంతెన ఎలా ఉంటుందో, గోపురం ఎలా ఉంటుందో దానికి ఎవరూ చెప్పలేదు. గులకరాయి గారు చెప్పిన కంటి జబ్బుకు ఇది సగం మందు.

గులకరాయి

సగమే. ఆ ప్రోగ్రామ్ ఎక్కడెక్కడి వింత బండలన్నీ తెచ్చి కుప్ప పోస్తుంది. వాటిని చివరికి చూడాల్సింది మళ్లీ మనిషి కన్నే. విక్రమ్ ఎక్కడ పడిందో ఉజ్జాయింపుగా తెలుసు, పడిందనీ తెలుసు. ఇక్కడ ఆ రెండూ తెలియవు. నా అసలు ప్రశ్నకు జవాబు చెప్పండి: ఎప్పుడు ఆపుతారు? నేలమీద లేకపోతే లావా గుహల్లో ఉందంటారు, అక్కడా లేకపోతే ఎండ తగలని ధ్రువ బిలాల్లో ఉందంటారు. ఎప్పటికీ ఓడని వాదన నాకొద్దు.

నెలవంక

న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. వెతకడానికి ముందే రాసిపెట్టుకోవాలి: ఏ ప్రాంతం, ఎంత పెద్ద వస్తువు. అపోలో ల్యాండర్‌లో చంద్రుడి మీదే మిగిలిపోయిన దిగుడు భాగం నడుమ సుమారు 4 మీటర్లు, అంటే మంచి ఫొటోలో ఎనిమిది పిక్సెళ్లు. అంతకంటే చిన్నదాని గురించి మాట్లాడొద్దు. వేర్వేరు సూర్యకోణాల్లో తీసిన కనీసం రెండు ఫొటోల్లో అలాగే నిలవకపోతే కొట్టెయ్యాలి. ఆ ప్రాంతం అయిపోయాక "ఇక్కడ ఈ సైజు వస్తువు లేదు" అని తేదీ వేసి ప్రకటించాలి. గుహల మాట వాటి లోపలి ఫొటోలు వచ్చినప్పుడే. ఆ "లేదు" కూడా ఫలితమే అంటాను.

పైగా యంత్రాలతో గాలించడం ఊరికే పోదు. బికెల్ బృందమే ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో 1,36,610 రాళ్లు దొర్లిన జాడలు లెక్కతేల్చింది. రేపు దిగబోయే ల్యాండర్లకు అది పనికొచ్చే సమాచారం.

గులకరాయి

దొర్లిన రాళ్ల కోసమైతే రాళ్ల పేరుతోనే డబ్బు అడగండి. ప్రజల సొమ్ము గురించి నా అభిప్రాయం మారలేదు. సొంత సమయంలో, మీరు రాసిన షరతులతో ఎవరైనా చేస్తే అడ్డు చెప్పను, సరిచూడటానికి నేనూ కూర్చుంటాను. ఒక్కటి కలపండి: ఫొటో పెట్టేవాళ్లు దాని నంబరు, పిక్సెల్ కొలత, సూర్యుడి కోణం ఇవ్వాలి, రంగులు మార్చని అసలు ఫైలు జతచెయ్యాలి. ఆ నాలుగూ లేని ఫొటో మీద ఇక్కడ చర్చే వద్దు.

కొలతబద్ద

నాకు సమ్మతమే. ముందు మనకు మనం పరీక్ష పెట్టుకుందాం. రేపు అపోలో 17 దిగిన లోయ చుట్టుపక్కల ఫొటోను ముక్కలు చేసి, ఏ ముక్క ఎక్కడిదో చెప్పకుండా పెడతాను. ల్యాండర్ ఉన్న ముక్క ఏదో మీరిద్దరూ విడివిడిగా చెప్పండి.