మొదటి జీతం రాగానే క్రెడిట్ కార్డు తీసుకోవాలా, వద్దా?

కొత్త_ఉద్యోగి: హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, జీతం 28 వేలు. మనం అప్పులు ఎలా కట్టామో చూపే సిబిల్ రిపోర్టు తీస్తే స్కోరు ఉండాల్సిన చోట ‘ఎన్‌హెచ్’ అని ఉంది, అంటే హిస్టరీ లేదట. ఇప్పుడే కార్డు తీసుకోకపోతే రేపు ఇంటి లోన్‌కి ఇబ్బంది అని ఆఫీసులో వాళ్లంటున్నారు. నాన్న మాత్రం అప్పు అలవాటే వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

వరంగల్_వాసి: మీ నాన్నగారి మాటే వినండి తమ్ముడూ. 20 వేల బిల్లు వస్తే మినిమం డ్యూ వెయ్యి కడితే చాలంటారు. కట్టేశాం కదా అని ఊపిరి పీల్చుకుంటాం. మిగతా 19 వేలకు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే బాబోయ్ అంటాం కదా! పైగా హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో లోన్ నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. 2025లో ఆర్థిక శాఖ పార్లమెంటులోనూ అదే చెప్పింది.

మాజీ_బ్యాంకర్: రూల్ నిజమే అన్నా. కానీ లోన్ ఇచ్చి తీరాలని అందులో లేదు. చాలా బ్యాంకుల్లో ఇంటి లోన్ వడ్డీ స్కోరును బట్టి మారుతుంది. ఇరవై ఏళ్ల లోన్‌లో అర శాతం తేడా అంటే లక్షల మాట.
తమ్ముడూ, 20 వేలు ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు అడుగు. ఎఫ్‌డీ వడ్డీ నీకు వస్తూనే ఉంటుంది. రీఛార్జి, కరెంటు బిల్లు లాంటివి మాత్రమే దాంతో కట్టు, లిమిట్‌లో 30 శాతం దాటనివ్వకు. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు ‘మినిమం డ్యూ’, ‘టోటల్ డ్యూ’ అని రెండు అడుగుతుంది. టోటల్ డ్యూ మీదే టిక్ పెట్టు. ఆరు నెలలకల్లా మామూలుగా స్కోరు కనిపిస్తుంది. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

వరంగల్_వాసి: ఎఫ్‌డీ కార్డు వరకు ఒప్పుకుంటాను. కానీ మన పిల్లలు అక్కడితో ఆగుతున్నారా? ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అనే యాప్‌లలో చెప్పుల కోసం తీసుకున్న 800 కూడా చాలాసార్లు రిపోర్టులో లోన్‌గానే ఎక్కుతుంది. అది మర్చిపోతే మచ్చ పడుతుంది.

కొత్త_ఉద్యోగి: ఇంకో డౌటు. రూమ్మేట్ బైక్ లోన్‌కి హామీ సంతకం అడుగుతున్నాడు. పెడితే నాకూ హిస్టరీ వస్తుందంటున్నాడు.

మాజీ_బ్యాంకర్: పెట్టకు. అతను కట్టకపోతే బ్యాంకు నిన్ను అడుగుతుంది, నీ రిపోర్టూ పాడవుతుంది.

వరంగల్_వాసి: ఈ విషయంలో మాత్రం ఆయన మాటే నా మాట. కార్డు మాత్రం, నన్నడిగితే, మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టాకే.