నడుం పట్టేసినవాళ్లకి రిలాక్సెంట్: ఏది, ఎంత, ఎన్నాళ్లు?

గాజువాక_జీపీ:
పోర్టులో, స్టీల్‌ప్లాంట్‌లో బరువులెత్తి నడుం పట్టేసి వచ్చేవాళ్లకి రిలాక్సెంట్ (కండరాల బిగుతు తగ్గించే మందు) రాసేముందు ఏమేం చూస్తున్నారు? డోసులతో సహా చెప్పండి.

ఆర్థో_ఎంవీపీ:
ముందు నాలుగు అడగండి. ఒంటేలు ఆగిందా, కూర్చునే చోట తిమ్మిరా, కాల్లో పట్టు తగ్గిందా, జ్వరమా? ఏ ఒక్కటున్నా బిళ్లతో పంపెయ్యకూడదు. ఏవీ లేకపోతే కాపడం, మంచం పట్టకుండా మెల్లగా నడవడం, కడుపూ కిడ్నీలూ బాగుంటే కొద్దిరోజులు నొప్పి మాత్ర. నిద్రపట్టనంత బిగుతుంటేనే టిజానిడిన్ 2 మి.గ్రా., రాత్రి ఒకటి. మూడు నుంచి ఐదు రోజులు చాలు.

మెడికల్‌షాప్_మర్రిపాలెం:
సార్, టిజానిడిన్ రాసేముందు పాత చీటీ కూడా చూడండి. ఒంటేల్లో మంటకి వేరే డాక్టరు గారు సిప్రోఫ్లాక్సాసిన్ రాసి ఉంటారు. ఆ రెండూ అస్సలు కలవకూడదు. టిజానిడిన్‌ని విరగ్గొట్టే కాలేయపు ఎంజైమ్‌ని సిప్రో ఆపేస్తుంది, ఒంట్లో మందు సుమారు పది రెట్లవుతుంది, బీపీ పడిపోతుంది. డిప్రెషన్‌కిచ్చే ఫ్లూవోక్సమిన్‌తోనూ ఇదే ప్రమాదం.

ఇంకోటి, రెండుమూడు మందులు కలిపిన నొప్పి బిళ్లలుంటాయి, వాటి స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవాలి. ఒక్కో బిళ్లలో నొప్పి మందు అసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 325, రిలాక్సెంట్ క్లోర్‌జోక్సజోన్ 250. ఇవి రోజుకి రెండు, ఇంట్లో ఉన్న పారాసెటమాల్ 650లు మూడు వేసుకుంటే పారాసెటమాలే 2600 మి.గ్రా. రోజూ మందు తాగే మనిషికి ఇది ఎక్కువే, పైగా క్లోర్‌జోక్సజోన్ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలదు. కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చినా వెంటనే ఆపి రమ్మనండి.

గాజువాక_జీపీ:
ఇంకో రిలాక్సెంట్, థయోకోల్చికోసైడ్ 8 మి.గ్రా. రోజుకి రెండు రాయొచ్చా?

ఆర్థో_ఎంవీపీ:
అదే గరిష్ఠం, అదీ 7 రోజులే. ఇంజెక్షనైతే 4 మి.గ్రా. 12 గంటలకొకటి, 5 రోజులు. యూరప్ మందుల సంస్థ 2013లో పెట్టిన హద్దులివి. ఒంట్లో దీన్నుంచి పుట్టే పదార్థం ఒకటి కణాలు విడిపోయేటప్పుడు క్రోమోజోముల లెక్క తప్పిస్తుంది. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, 16 ఏళ్లలోపు వాళ్లకి వద్దు. ఆడవాళ్లని నెలసరి ఎప్పుడొచ్చిందో, పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నారో అడగకుండా రాయొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్లకీ మానేయడమే మేలు.

జనరల్‌మెడిసిన్_మధురవాడ:
అరవై అయిదు దాటినవాళ్లకి ఈ బిళ్లలేవీ రాయకపోవడమే నా మాట. బీపీ మందు, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, మే నెల ఉక్కకి చెమట కారి ఒంట్లో నీరు తగ్గడం, వీటిమీద టిజానిడిన్ పడితే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగి పడతారు. తుంటి విరుగుతుంది. రాయక తప్పకపోతే కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూడండి.

మెడికల్‌షాప్_మర్రిపాలెం:
చీటీ మీద "రాత్రి ఒకటి" అని మాత్రం రాయకండి సార్. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) క్రేన్ ఆపరేటర్ దాన్ని తొమ్మిదింటికి వేసుకుని డ్యూటీ ఎక్కుతాడు. "డ్యూటీ దిగాక, ఇంటికెళ్లి పడుకునే ముందు" అని తెలుగులో రాయండి. ఆ రోజు మద్యం ముట్టొద్దని కూడా.