బతుకమ్మ రోజు పిల్లల వేరబుల్ ఆర్ట్ పోటీ: ఎవరెవరు ఏం చూసుకుంటున్నారు?

అందరికీ నమస్తే. మన న్యూజిలాండ్ ఆక్లండ్‌లో బతుకమ్మ రోజు హైస్కూల్ పిల్లలకు వేరబుల్ ఆర్ట్ పోటీ, అంటే తామే తయారుచేసి ఒంటిమీద వేసుకునే కళ, ఖాయం, ప్రకృతి మీద. ఇది ఫ్యాన్సీ డ్రెస్ కాదని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి, లేదంటే అద్దె డ్రెస్సులు వస్తాయి. పిల్లలకు మాత్రం పెద్దగా చెప్పక్కర్లేదు. 1987లో సూజీ మాంక్రీఫ్ నెల్సన్‌లో మొదలుపెట్టి, 2005లో వెల్లింగ్టన్‌కు మారిన ‘వరల్డ్ ఆఫ్ వేరబుల్ ఆర్ట్’ అనే పెద్ద షో సంగతి చాలామందికి స్కూల్లోనే తెలుసు.

తంగేడు, గునుగు ఇక్కడ దొరకవని ఏటా బాధపడతాం కదా, కానీ మన బతుకమ్మ వేళకి ఇక్కడ వసంతం, కోఫై చెట్ల నిండా పసుపు పూలే. ఆ రంగు, ఆ వేలాడే తీరు చూసి కాగితంతోనో పాత చీరముక్కలతోనో చేయమందాం. నిజం పూలు వద్దు, ఆ చెట్టంతా విషమే, గింజలు మరీను. చిన్నపిల్లలు తిరిగే హాల్లో ఆ టెన్షన్ మనకెందుకు?

హారకెకె (ఇక్కడి పొడవాటి ఆకుల నారమొక్క) ఆకుతో అల్లుతామని ఇద్దరు పిల్లలు అడిగారు, నాకు చాలా సంతోషమేసింది. అయితే ఇక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతి తెలుసుకునే కోయాలి. మధ్యలో లేత ఆకు బిడ్డ, దానికి అటూ ఇటూ ఉన్నవి తల్లీతండ్రీ, ఆ మూడూ ముట్టకుండా బయటి ముదురాకులే కోస్తారు, వానలోనూ రాత్రిపూటా కోయరు. పార్కుల్లో కోయొద్దు, సొంత పెరట్లోనో అడిగి తెలిసినవాళ్ళ ఇంట్లోనో కోసుకోవాలి. ఇక్కడి అడవి పక్షుల ఈకలు కూడా వద్దు, వాటికి చట్టం ఉంది.

— అక్కా, స్టేజీ నేను చూసుకుంటా. ఒక రూల్ కలపండి: వేసుకున్నాక కూర్చోగలగాలి, మెట్లెక్కగలగాలి, బతుకమ్మ చుట్టూ ఒక్క రౌండన్నా ఆడగలగాలి.

— ఇంకొకటి. పోయినేడు ముగ్గుల పోటీలో అమ్మలే వేశారు, పిల్లలు పక్కన నిలబడ్డారు, నాకు ఇంకా మనసులో ఉంది. ఈసారి గ్లూ గన్, కుట్టు మిషను దగ్గర సాయం చాలు, ఆలోచన బిడ్డదే ఉండాలి. ఎలా చేశారో తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక నిమిషం చెప్పమందాం, మార్కులు దానికీ వేద్దాం.

— బాగుంది అన్నా, రెండూ కలిపేస్తా. పొడవాటి అద్దాలు, పిన్నీసులు ఎవరు తెస్తారు? బట్టలు మార్చుకోడానికి ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరే గదులు కావాలి, హాలు వాళ్ళని ఎవరైనా రేపే అడగండి.