మెట్ల లైటు వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది: న్యూట్రల్ వేరే లాగాల్సిందేనా?

డూప్లెక్స్_ఓనర్: కింది అంతస్తుకీ పై అంతస్తుకీ లైటింగ్ ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడే స్విచ్‌లు) వేరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలూ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చినదానికీ తేడా వస్తే సప్లై తెంచేవి) వేరు. మిగతా లైట్లతో గొడవ లేదు. మెట్ల దగ్గరి 9 వాట్ల ఎల్ఈడీ వేస్తే మాత్రం ఒకసారి కిందది, ఒకసారి పైది పడుతోంది. 100 మిల్లీ ఆంపియర్లది మారుద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్. మార్పించనా?

పాయింట్_రేటు: మార్పించండి. ఎల్ఈడీ డ్రైవర్ల లీకేజీకి 30 తట్టుకోదు.

న్యూట్రల్_లింకు: లీకేజీ కాదండీ. అలాంటి బల్బులే గదుల్లో పది వెలుగుతున్నా పడట్లేదు కదా. టూవేలో (ఒకే లైటుకి కిందొక స్విచ్, పైనొక స్విచ్) ఫేజ్ కింది బోర్డు నుంచి ఇచ్చి, లైటు పైన ఉందని న్యూట్రల్ పై బోర్డులో కలిపేశారు. కరెంటు కింది ఆర్‌సీసీబీలోంచి వెళ్లి పైదాంట్లోంచి తిరిగొస్తోంది. రెండింటికీ లెక్క తప్పుతుంది, ఏది ముందు పడుతుందో చెప్పలేం. 9 వాట్లకి 230 వోల్టుల దగ్గర సుమారు 39 మిల్లీ ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ సగమే ఉన్న బల్బుకి (అదే వాట్లకి రెట్టింపు కరెంటు లాగేది) 78. 30ది 15కీ 30కీ మధ్య పడాలి, 100ది 50కీ 100కీ మధ్య. అందుకే 100ది పెడితే బాగైనట్టు కనిపించొచ్చు. మనిషిని షాక్ నుంచి కాపాడేది మాత్రం 30దే.

గోదారి_గట్టు: ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయండి.

న్యూట్రల్_లింకు: దీనికీ ఎర్త్‌కీ సంబంధం లేదు. ఓనర్ గారూ, పై ఆర్‌సీసీబీ ఒక్కటే ఆపి మెట్ల లైటు వేయండి. తర్వాత కిందది ఒక్కటే ఆపి వేయండి. రెండుసార్లూ వెలగకపోతే ఫేజ్ ఒకచోటిది, న్యూట్రల్ ఇంకోచోటిది. ఆర్‌సీసీబీనే ఆపండి, సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ని తెంచదు.

డూప్లెక్స్_ఓనర్: రెండుసార్లూ వెలగలేదు.

పాయింట్_రేటు: అయితే రెండు లైటింగ్ ఎంసీబీలనీ ఒకే ఆర్‌సీసీబీ కిందికి తెచ్చేయండి. డీబీలో (ఎంసీబీలుండే పెట్టెలో) అరగంట పని, గోడ ముట్టుకోనక్కర్లేదు.

న్యూట్రల్_లింకు: పడటం ఆగుతుంది, ప్రమాదం ఆగదు. రేపెవరో పై ఎంసీబీ ఆపి, బోర్డు విప్పి నల్ల వైర్ల (న్యూట్రల్) జాయింటు విడదీస్తారు. మెట్ల లైటు వేసి ఉంటే కింది ఫేజ్ బల్బులోంచి ఆ కొసకి వచ్చి ఉంటుంది.

పాయింట్_రేటు: టెస్టర్ పెట్టకుండా వైరు పట్టుకునేవాడు ఎలక్ట్రీషియనే కాదు. పుస్తకం చదివి మాట్లాడకండి.

న్యూట్రల్_లింకు: టెస్టర్ వెలగదు! జాయింటు కలిసున్నంతసేపూ అది న్యూట్రలే. విడదీసిన క్షణం నుంచే ఫేజ్. పని తెలిసినవాడికే షాక్ కొట్టేది ఇక్కడ. టూవే వైర్లు రెండిటితో పాటు కింది బోర్డు నుంచి న్యూట్రల్ మూడో వైరుగా లాగాల్సిందే.

పాయింట్_రేటు: సరే, మరి ఆ మూడో వైరుకి కూలీ ఎవరిస్తారు? పాయింటుకి (ఒక్కో లైటుకీ, ప్లగ్గుకీ) ఇంత అని బేరమాడతారు. కింది బోర్డు నుంచి పై బోర్డుకి న్యూట్రల్ లాగితే అది ఏ పాయింటులోకీ రాదు. స్లాబ్ వేసేముందు ఏ లైటు ఏ సర్క్యూటో కాగితం మీద గీసిచ్చే ఓనర్ ఎంతమంది? చివరికి తప్పు పనివాడిది.

న్యూట్రల్_లింకు: ఆ మాట ఒప్పుకుంటాను. సర్క్యూట్ న్యూట్రల్‌కి మీటరు లెక్కన విడిగా ఇవ్వాల్సిందే. ఓనర్ మిగుల్చుకున్న ఆ డబ్బుకి రేపు బోర్డు విప్పేవాడు ప్రాణం పెట్టకూడదు, నేననేది అంతే.

డూప్లెక్స్_ఓనర్: వైరుకీ కూలీకీ నేనిస్తాను. గోడ కొట్టకుండా అవుతుందా?

న్యూట్రల్_లింకు: రెండు బోర్డుల మధ్య టూవే వైర్లు రెండూ ఒకే పైపులో ఉంటాయి. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపి, స్ప్రింగ్ (పైపులోంచి వైరు లాగే తీగ) తోసి మూడో వైరు లాగండి: 1.5 స్క్వేర్ ఎంఎం, నలుపు. స్ప్రింగ్ వెళ్లకపోతే పాత వైర్ల కొసకే కొత్తవి మూడు కట్టి లాగేయండి. కట్టు సన్నగా ఉండాలి, టేపు బిగువుగా చుట్టాలి. పై బోర్డులో లైటు న్యూట్రల్‌ని అక్కడి న్యూట్రల్ జాయింటు నుంచి విడదీసి కొత్త వైరుకి కలపండి. కింది కొస కింది లైటింగ్ న్యూట్రల్‌కే వెళ్లాలి. అయ్యాక పై ఆర్‌సీసీబీ ఆపి చూడండి, మెట్ల లైటు వెలగాలి.

పాయింట్_రేటు: పైపులో రెండు వంపుల కంటే ఎక్కువుంటే మధ్యలో జంక్షన్ బాక్స్ మూత తీసి అక్కడొక మనిషిని పెట్టండి. పైనుంచి ఒక్కడే గుంజితే పాత వైరు లోపలే తెగుతుంది, అప్పుడు గోడ కొట్టాల్సిందే.