ఇంజినీరుగానే ఉండాలా, మేనేజరుగా మారాలా?

ప్రశ్న:
హైదరాబాదు రాయదుర్గంలోని ఒక బహుళజాతి సంస్థలో బ్యాకెండ్ ఇంజినీరుగా (సాఫ్ట్‌వేర్‌లో తెర వెనుక సర్వర్లపై నడిచే భాగం రాసే పని) పనిచేస్తున్నాను. మా మేనేజరు వెళ్లిపోతున్నందున, 8 మంది ఉన్న జట్టును నన్నే చూసుకోమంటున్నారు. నాకు డిజైన్, కోడ్ పనే ఇష్టం. కానీ నలభై దాటాక కోడ్ రాసేవారికి విలువ ఉండదని ఇంట్లో అంటున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు 1:
ఆ మాట ఇతర సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే సర్వీసు కంపెనీల నుంచి వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైన నాటి నుంచీ ఇక్కడ మనుషుల లెక్కన క్లయింటుకు బిల్లు వేసే పద్ధతి బలంగా ఉంది కాబట్టి, ఎక్కువ మందిని నడిపేవారికే జీతం పెరిగేది. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రోడక్ట్ కంపెనీల తీరు వేరు. మేనేజరు కాకుండానే ఎదిగేందుకు ఐబీఎం 1962లోనే ‘ఫెలో’ హోదాను ఏర్పరచింది. నేటి స్టాఫ్, ప్రిన్సిపల్ ఇంజినీరు హోదాలూ ఆ కోవలోవే. అయితే మీ హైదరాబాదు ఆఫీసులో ప్రిన్సిపల్ ఇంజినీర్లు ఉన్నారా, ఉంటే ఇక్కడే ఎదిగారా, అమెరికా నుంచి ఆ హోదాతోనే వచ్చారా అన్నది ముందు విచారించండి. డిజైన్ నిర్ణయాలన్నీ అక్కడే జరిగిపోయి ఇక్కడికి టికెట్లు (విడగొట్టి అప్పగించే చిన్న పనులు) మాత్రమే వస్తుంటే, మీరెంత చక్కగా కోడ్ రాసినా ఆ హోదాకు తగిన పని చూపించే అవకాశం దొరకదు.

జవాబు 2:
నేను మేనేజరునే. పగలంతా అరగంట ముక్కలుగా మీటింగులకు పోతుంది. సియాటిల్‌లో ఉదయం ఎనిమిదిన్నర అంటే వేసవిలో మనకు రాత్రి తొమ్మిది, ఆ కాల్ తప్పదు. కష్టం అందులో లేదు. ఏడాదంతా బాగా పనిచేసిన వ్యక్తిని ఎదురుగా కూర్చోబెట్టి, కోటా ప్రకారం ఎవరో ఒకరికి తక్కువ రేటింగు ఇవ్వవలసి వచ్చిందని పైకి చెప్పలేక, లేని లోపాలకు మాటలు వెతకడంలో ఉంది. ఒక కుర్రవాడు నా కంటే మంచి డిజైన్ చేసినప్పుడు కలిగే సంతోషం కూడా ఈ పనిలోనే చూశాను. ఆ సంతోషం మీకు చాలదనిపిస్తే ఒప్పుకోకండి.

ప్రశ్నించినవారు:
విచారించాను. ఇద్దరు ప్రిన్సిపల్స్ ఉన్నారు, ఇద్దరూ అమెరికా నుంచి వచ్చినవారే. కొన్నాళ్లు చేసి చూసి వెనక్కి రావచ్చా?

జవాబు 3:
రావచ్చు, కానీ గడువు, తిరిగి వచ్చే హోదా రెండూ మీ డైరెక్టరుతో ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఆయన మారిపోతే నోటిమాట ఎవరికీ గుర్తుండదు. అప్రైజల్ (రేటింగులిచ్చే) బాధ్యత లేకుండా, జట్టు సాంకేతిక పనిని మాత్రమే నడిపే టెక్ లీడ్‌గా పెట్టమని అడగడం మరో దారి. అడిగేది అప్రైజల్ సీజన్ మొదలు కాకముందే అడగండి.