అప్‌డేట్: వెదురు బుట్టలు అల్లే పక్కింటివాళ్ల సంగతి (గుణుపురం, రాయగడ జిల్లా)

నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. పక్కింటి అన్నయ్య నడుం దెబ్బతిని పని మానేశారు. వదిన బుట్టలు, చేటలు అల్లుతుంది. అన్నీ నేనే కొంటుంటే నా మీదే ఆధారపడుతున్నారు, ఏం చేయాలి అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

"కొనడం ఆపు, పెట్టుబడికి అప్పివ్వు" అన్నది పనిచేసింది. ఆ మాట వదినకు చెప్పడానికి చాలా టెన్షన్ పడ్డాను. వెదురు కోసం 2,000 ఇచ్చాను, నెలకు 500 చొప్పున తీర్చేసింది.

బుట్టలు బయట అమ్ముడుపోకపోవడానికి అసలు కారణం వేరే. పురుగు పట్టిందని దుకాణాలవాళ్లు బుట్టలు తిప్పి పంపేవారు. పచ్చి వెదురులోని పిండి కోసమే పురుగు తొలుస్తుందని, బొంగుల్ని కొన్ని వారాలు చెరువులో నానేస్తే ఆ పిండి పోతుందని ఒక మేదరి తాత చెప్పాడు. అలా చేశాక ఒక్కటీ వెనక్కి రాలేదు.

వెదురు కొని తెచ్చుకోవడానికి అటవీశాఖ పర్మిట్ కావాలేమోనన్న భయం అనవసరం. 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురు అటవీ చట్టంలో చెట్టు కింద రాదు. మేం కొనేది తోటల వెదురే. ఆన్‌లైన్‌లో అమ్మమన్న సలహా అవసరమే పడలేదు.

ఇప్పుడు సంతలో వదినే కూర్చుని అమ్ముతోంది. నిన్న అమ్మకు చేట కావాలంటే అందరికీ చెప్పే ధరే నాకూ చెప్పింది. ఎంత సంతోషమేసిందో!