ఘనరాగ పంచరత్నాలు: ఒకే రచనా, ఐదు రచనలా?

గోదావరి గట్టు:

మా ఊరి సంగీత సభలో ఏటా పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి ఆరాధన జరుపుతాము. ఈసారి పిల్లల పాటలు ఎక్కువై సాయంత్రం పంచరత్న గోష్ఠికి, అంటే త్యాగయ్య ఐదు ఘనరాగ కృతులను అందరూ కలిసి పాడడానికి, అరగంటే మిగిలింది. మా బృందం ఐదూ పాడితే సుమారు గంట పడుతుంది. అందుకని జగదానందకారక, సాధించెనే, ఎందరో మహానుభావులు అనే మూడింటితో సరిపెడదామని నేను ప్రతిపాదించాను. సభ పెద్దలొకరు నొచ్చుకుని, త్యాగయ్య ఐదింటినీ ఒకే మాలగా కట్టాడనీ, అందులో రెండు పూసలు తెంపే అధికారం మనకు లేదనీ అన్నారు.

ఆయన మీద గౌరవం ఉన్నా ఆ మాట నాకు నమ్మకం కలిగించలేదు. పాటలను ఒకదానితో ఒకటి కలిపి కట్టాలనుకున్నప్పుడు త్యాగయ్య ఎలా కడతాడో మనకు తెలుసు. ఆయన గేయనాటకమైన ప్రహ్లాద భక్తి విజయంలో 5 అంకాలు, 45 కీర్తనలు ఉన్నాయి; వాటి మధ్య పద్యాలు, వచనం పెట్టి ఎవరు ఎప్పుడు ఎందుకు పాడుతున్నారో ఆయనే చెప్పాడు. ఇంకో గేయనాటకమైన నౌకా చరిత్రంలో గోపికలు పడవ ఎక్కే ముందరి గర్వం నుంచి, యమున నడుమ పడవకు చిల్లి పడ్డాక కలిగే బెంబేలు దాకా పాటలన్నీ కథ వెంట నడుస్తాయి. పంచరత్నాల్లో అలాంటి లంకె ఒక్కటీ లేదు. ఇవి ఐదు కలిసి ఒకటి అన్న మాట ఆ ఐదింటి సాహిత్యంలో ఎక్కడా కనబడదు. ఉందనే వారు ఎక్కడుందో చూపాలని కోరుతున్నాను.

వీణతంతి:

లంకె మాటల్లోనే ఉండాలని ఎందుకు అనుకోవాలి? నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనేవి వైణికులు తానానికి (తాళం లేకుండా లయతో చేసే రాగ విస్తరణకు) వాడే ఘనరాగ పంచకం. జగదానందకారక, దుడుకుగల, సాధించెనే, కనకనరుచిరా, ఎందరో మహానుభావులు అనే పంచరత్నాలు అదే వరుసలో అవే ఐదు రాగాల్లో, అన్నీ ఆదితాళంలోనే ఉన్నాయి. పల్లవి, అనుపల్లవి అయ్యాక వరుసగా చరణాలు రావడం, ప్రతి చరణాన్నీ ముందు స్వరంగానూ తరువాత సాహిత్యంగానూ పాడడం ఈ ఐదింటికీ ఉమ్మడి పద్ధతి. ఆయన తక్కిన వందలాది కృతుల్లో ఈ నిర్మాణం ఇంత నిలకడగా కనబడదు. ఒకే మూసలో పోసిన ఐదు కృతులు సరిగ్గా ఆ పంచకంలోని ఐదు రాగాల్లోనే పడడం కాకతాళీయమని అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంకొక సంగతి వీణ పట్టిన వారికి వేలికి తెలుస్తుంది. ఈ ఐదు రాగాలు ఐదు వేర్వేరు మేళాలకు (మూల స్వరక్రమాలకు) చెందినవి, వాటిలో వరాళి ఒక్కటే ప్రతిమధ్యమ రాగం, అంటే దాని ‘మ’ స్వరం తక్కిన నాలుగింటిలోని శుద్ధ మధ్యమం కంటే హెచ్చుగా ఉంటుంది. మూడు కృతుల పాటు శుద్ధ మధ్యమంలో నిలిచిన చెవికి నాలుగోచోట ఆ ప్రతిమధ్యమం తగలగానే గది వెలుగు మారినట్టుంటుంది, ఆ తరువాత శ్రీరాగం వచ్చి మళ్ళీ కుదుటపరుస్తుంది. మీరు తీసివేస్తానన్న రెండింటిలో కనకనరుచిరా ఉంది కాబట్టి, మీ అరగంటలో ఆ మలుపే ఉండదు.

క్లీవ్‌లాండ్ శ్రోత:

నేను సంగీతజ్ఞుణ్ణి కాను. అమెరికాలోని ఈ క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఆరాధన జరుగుతోంది. పంచరత్నాలు మొదలు కాగానే, తెలుగు చదవడం రాని పిల్లలు కూడా వేదిక మీది వారితో గొంతు కలుపుతారు. ఇంతమంది ఒకటిగా పాడుతున్నది ఒకటి కాదని పాత చరిత్ర తవ్వి నిరూపించడం వల్ల ఒరిగేదేమిటో నాకు అర్థం కాలేదు.

గోదావరి గట్టు:

క్లీవ్‌లాండ్ మిత్రులారా, మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. అయితే గోష్ఠిగానం కూడా ఒక కాలంలో స్థిరపడినదే. త్యాగయ్య సమాధి ఉన్న తిరువయ్యారులో వేర్వేరు కూటములు ఎవరి ఆరాధన వారు జరుపుకున్న రోజులున్నాయి. అక్కడ స్త్రీలను పాడనివ్వని కాలంలో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన డబ్బుతో సమాధి మందిరం కట్టించి, స్త్రీల బృందాన్ని విడిగా నడిపింది. 1940 దశకం మొదట్లో గానీ అందరూ ఒక వేదిక మీదికి రాలేదు. త్యాగయ్య పరమపదించింది 1847లో. అంటే మనం అనాదిగా వస్తున్నదని అనుకునే గోష్ఠి రూపం ఆయన తరువాత చాలా తరాలకు వచ్చింది. అది మంచి ఆచారమే, కానీ దాన్ని వాగ్గేయకారుడి సంకల్పానికి సాక్ష్యంగా నిలబెట్టలేము.

వీణతంతి గారూ, ఆ ఐదు రాగాల్లో ఆయన పూనుకుని రాశాడని ఒప్పుకుంటాను. ఒకే పద్ధతిలో ఐదు ఇళ్ళు కట్టిన మేస్త్రి వాటిని ఒకే ఇల్లని అనడు కదా. ఎందరో మహానుభావులు కృతిని కేరళ గాయకుడు షట్కాల గోవింద మారార్ గానం విన్న సందర్భంలో పాడాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథను నమ్మేవారే ఐదూ ఒకేసారి పుట్టాయని కూడా అంటుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే కథ నిజమైతే ఆ కృతి పుట్టుకకు వేరే కారణం ఉన్నట్టే.

పాత పుస్తకాల అటక:

గోవింద మారార్ కథను ఇటు గానీ అటు గానీ సాక్ష్యంగా తేవద్దని మనవి, అది కథగానే మిగలనివ్వండి. సాహిత్యంలో లంకె చూపమని మీరు అడిగారు కాబట్టి చూపుతాను.

గౌళలోని దుడుకుగల కృతి నిండా కవి తన తప్పులను తానే ఏకరువు పెట్టుకుంటాడు. అందులో “స్వరలయంబు లెరుంగకను శిలాత్ముడై సుభక్తులకు సమానమను” అంటూ, స్వరమూ లయా తెలియకుండానే గొప్ప భక్తులతో సమానమని చెప్పుకున్న వాణ్ణి నేనని ఒప్పుకుంటాడు. శ్రీరాగంలోని ఎందరో కృతికి వచ్చేసరికి, భగవంతుని గురించి నిజమార్గంతో పాడుతూ “స్వరలయాది రాగముల తెలియు వారెందరో” అని అలాంటి వారికే వందనం చేస్తాడు. రెండో కృతిలో తనకు లేదన్నది ఐదో కృతిలో ఎవరికి ఉందో చెప్పి దణ్ణం పెట్టాడు. వందనం ఎవరు చేస్తున్నారో తెలియాలంటే దుడుకుగల వినాలి.

వరాళి కృతిలో నారద, పరాశర, శుక, శౌనకాదులను సాక్షులుగా పిలుస్తాడు. వెంటనే వచ్చే ఎందరోలో వందనం అందుకునే వారి వరుసలో నారదుడూ శుకుడూ మళ్ళీ కనబడతారు. మీరు కథ కోసం వెతికి లేదన్నారు. ఇది కథ కాదు, ఒక మనిషి నిలబడే చోటు మారడం.

గోదావరి గట్టు:

ఈ పోలిక నాకు ఇంతవరకు తట్టలేదు, చాలా బాగుంది. బాగున్నది కాబట్టే దీన్ని కొంచెం గట్టిగా పరీక్షించాలి.

శంకరాభరణంలో “స్వర రాగ సుధారసయుత భక్తి స్వర్గాపవర్గమురా ఓ మనసా” అని ఒక కృతి ఉంది. ఆందోళికలో “రాగ సుధారస పానము చేసి రంజిల్లవే ఓ మనసా” అని ఇంకొకటి ఉంది. మాట అదే, సంబోధన అదే, విషయం కూడా దాదాపు అదే. అయినా ఈ రెండింటినీ జంట కృతులని ఎవరూ అనలేదు, రెండూ కలిపి పాడి తీరాలని ఏ సభా పట్టుబట్టలేదు. స్వరలయల మాట ఆయన పెదవి మీద ఎప్పుడూ ఉండేదే. నారద శుకుల పేర్లు కీర్తనల్లో ఎన్నిసార్లు వస్తాయో లెక్క పెట్టడం కష్టం. ప్రతిధ్వని వినిపించినంత మాత్రాన రెండు గోడలూ ఒకే గదివని చెప్పలేము.

కృతుల్లోనే ముడి కనబడాలంటే ముత్తుస్వామి దీక్షితుల కమలాంబా నవావరణ కృతులు చూడండి. ఒక్కొక్క కృతిలో శ్రీచక్రంలోని ఒక్కొక్క ఆవరణ చక్రం పేరు ఉంటుంది, ప్రథమ నుంచి విభక్తులు వరుసగా నడుస్తాయి, తొమ్మిదోదైన ఆహిరి కృతిలో విభక్తులన్నీ కలిసి వస్తాయి. అక్కడ ఒకటి తీస్తే ఖాళీ కంటికి కనబడుతుంది. పంచరత్నాల్లో ఒకటి తీస్తే ఏది పోయిందో సాహిత్యం చెప్పదు.

వీణతంతి:

దీక్షితుల కొలతతో త్యాగయ్యను కొలవడం న్యాయం కాదు, ఆయన కూర్పు తీరు వేరు. సాధించెనే చివరి చరణం చూడండి. అలగవద్దన్నాడు, విముఖులతో చేరవద్దన్నాడు, బాధ కలిగితే ఓర్చుకోమన్నాడు అని వరుసగా చెప్పి “త్యాగరాజనుతుడు చెంత రాకనే” అని ఆపుతాడు. వాక్యం అక్కడ పూర్తి కాదు, పల్లవిలోని “సాధించెనే”కు వెళితే గానీ అర్థం ముగియదు. ఒక కృతి లోపల ముడి ఎంత సన్నగా వేయగలడో ఇది చూపుతుంది. అలాంటివాడు ఐదింటి మధ్య వేసిన ముడి చక్రాల పేర్లంత స్పష్టంగా ఎందుకు ఉండాలి?

ఇంకొకటి. కథలో కట్టిన పాటలను మాత్రం మనం విడదీయడం లేదా? “వాసుదేవ యని వెడలిన ఈ దౌవారికుని కనరే” అని కచేరీలో కల్యాణి రాగాన్ని విస్తరించి పాడితే, ఆ దౌవారికుడు ప్రహ్లాద నాటకంలో ప్రవేశిస్తున్న ద్వారపాలకుడని సభలో ఎంతమందికి గుర్తుంటుంది? ఆయన స్వయంగా కలిపిన వాటిని విడదీశాము, ఆయన కలిపాడో లేదో తేలని వాటిని కలిపాము. ఈ రెండింటిలో నాకు మొదటిదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

పాత పుస్తకాల అటక:

దౌవారికుని మాట నిజం. గోదావరి గట్టు గారూ, ఉద్దేశపూర్వకంగా కట్టిన మాల అని నేను నిరూపించలేనని ఒప్పుకుంటున్నాను. అయితే మీ జాబితాలో ఎందరో ఉంచి దుడుకుగల తీసివేశారు. వందనం ఉంచి ఒప్పుకోలు తీసివేయడం నాకు మింగుడుపడడం లేదు.

గోదావరి గట్టు:

ఒకే రచన అన్న మాటను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ “స్వరలయంబు లెరుంగకను” విన్నాక నా జాబితా నాకే నచ్చడం లేదు. పెద్దాయనతో మాట్లాడి ఇలా నిర్ణయించాము: ఉదయం ఉంఛవృత్తి (వీధుల్లో పాడుతూ భిక్ష స్వీకరించడం) ముగిశాక సాధించెనే, కనకనరుచిరా పాడతాము, సాయంత్రం జగదానందకారక, దుడుకుగల, ఎందరో పాడతాము. ఐదూ ఒకే రోజున పాడుతున్నందుకు ఆయన సగం తృప్తి పడ్డారు.

వీణతంతి:

వరుస చెడింది, అయినా సంతోషం. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదంటారు కదా, మీ పిల్లలకు కనకనరుచిరా ఎవరు నేర్పారు?

గోదావరి గట్టు:

ఎవరూ నేర్పలేదండి. మూడేళ్ళుగా గోష్ఠిలో వెనక వరుసలో కూర్చుని, విని పట్టేశారు.